ఒక కేసు, మూడు హోల్డులు: టెక్సాస్ కోర్టులో ఆన్‌లైన్ ఫైలింగ్‌తో నా అనుభవం

గురువారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. కారు ఇన్సూరెన్స్ కట్టడానికి అకౌంట్‌లో సరిపడా డబ్బు లేదట. ఇన్సూరెన్స్ 118 డాలర్లు. వారం కిందట చూసుకున్నప్పుడు అకౌంట్‌లో 287 ఉన్నాయి, ఆ తర్వాత పెద్దగా ఖర్చు పెట్టింది కూడా లేదు. కారులో కూర్చునే బ్యాంకు యాప్ తెరిచాను. అన్నిటికంటే పైన మూడు లైన్లు, బూడిద రంగులో, పక్కన ‘పెండింగ్’ అని. 55 చిల్లర, మళ్ళీ 55 చిల్లర, 132 చిల్లర. మూడూ కోర్టు ఫైలింగ్‌వే. నేను వేసింది ఒకటే కేసు.

ఆ లైన్ల వెనక ఏం జరిగిందో తెలుసుకోవడానికి నాకు దాదాపు వారం పట్టింది. తప్పు ఎక్కువ భాగం నాదే కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

కేసు సంగతి క్లుప్తంగా చెబుతాను. అద్దె ఇల్లు ఖాళీ చేశాక ఓనర్ నా 1,400 డాలర్ల డిపాజిట్ మొత్తం ఉంచేసుకున్నాడు. కార్పెట్ పాడైందని కారణం చెప్పాడు. టెక్సాస్ చట్టం ప్రకారం ఇల్లు అప్పగించిన 30 రోజుల్లోపు డిపాజిట్ తిరిగివ్వాలి, లేదా ఏయే ఖర్చులకు ఎంత పట్టుకున్నారో లెక్క పంపాలి. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు డబ్బు కోయడానికి లేదు. అయితే మనం కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు, నేను మాత్రం అదృష్టవశాత్తూ మెయిల్‌లో పంపి ఉన్నాను. దురుద్దేశంతో ఉంచుకున్నాడని రుజువైతే, అన్యాయంగా పట్టుకున్న సొమ్ముకు మూడు రెట్లు, దాని పైన 100 డాలర్లు ఇప్పించే వీలు కూడా చట్టంలో ఉంది. ఇలాంటి చిన్న కేసులు జస్టిస్ కోర్టుకు వెళ్తాయి. 2020 సెప్టెంబర్ నుంచి అక్కడ పరిమితి 20,000 డాలర్లు. లాయర్ అక్కర్లేదు.

లాయర్ లేకుండా వేసుకునేవాళ్ళకు ఆన్‌లైన్ తప్పనిసరి కూడా కాదు. కోర్టు కౌంటర్ దగ్గరికి కాగితాలు పట్టుకెళ్ళి అక్కడే ఫీజు కట్టి రావచ్చు. లీవు పెట్టక్కర్లేదు కదా అని నేను ఆన్‌లైన్ ఎంచుకున్నాను. చివరికి ఫోన్ల మీద పోయిన టైమ్ లెక్కేస్తే ఒకపూట లీవు కంటే ఎక్కువే అయింది, అది వేరే విషయం.

టెక్సాస్‌లో రాష్ట్రమంతటికీ ఒకే ఫైలింగ్ వ్యవస్థ, ఈఫైల్‌టెక్సాస్. దానిలోకి వెళ్ళడానికి మనం ఒక సర్వీస్ ప్రొవైడర్‌ని ఎంచుకోవాలి. కొన్ని ఉచితం, కొన్ని ఫైల్ చేసినప్పుడల్లా తమ ఫీజు విడిగా తీసుకుంటాయి. నేను ఉచితమైనదే తీసుకున్నాను. అకౌంట్ తెరిచాక ముందు పేమెంట్ అకౌంట్ ఒకటి పెట్టుకోమంటుంది. పేరు గంభీరంగా ఉన్నా అది మన కార్డు వివరాలు దాచుకునే చోటు, అంతే. పర్సులో చేతికి ఏది దొరికితే ఆ కార్డు నంబరు కొట్టాను. అది డెబిట్ కార్డు. నా అసలు తప్పు ఇక్కడే జరిగింది, కానీ ఆ సంగతి అప్పుడు తెలియదు.

మనం పంపే కాగితాల కట్టను వాళ్ళు ‘ఎన్వలప్’ అంటారు. ఒక్కో ఎన్వలప్‌కి ఒక్కో నంబరు. అందులో ముఖ్యమైన డాక్యుమెంట్ ఒకటి, దానికి అటాచ్‌మెంట్లు. పీడీఎఫ్‌లు ఎక్కించి, వాది ఎవరు, ప్రతివాది ఎవరు, ఫీజు కట్టే బాధ్యత ఎవరిది అన్న గడులు నింపుకుంటూ పోతే చివర ఫీజుల పట్టిక వస్తుంది. ఆ పట్టిక చూడగానే కొంచెం కంగారు పడ్డాను. ఏడెనిమిది వరసలు ఉన్నాయి. ప్రొవైడర్ సర్వీస్ ఫీజు, దాని మీద టాక్స్, కోర్టు సర్వీస్ ఫీజు, ఇలా ఒకదాని కింద ఒకటి. తీరా చూస్తే సగం వరసల్లో సున్నాలే. నాకు లెక్కలోకి వచ్చినవి రెండే. కేసు వేసే ఫీజు 54 డాలర్లు, కార్డు వాడినందుకు పేమెంట్ సర్వీస్ ఫీజు ఒకటిన్నర డాలరు.

ఈ 54 ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 2022 జనవరి 1 నుంచి టెక్సాస్ సివిల్ కేసుల ఫీజులన్నీ కలిపి రెండు ముద్దలు చేసింది. జస్టిస్ కోర్టులో రాష్ట్రానికి 21, కౌంటీకి 33. అదే జిల్లా కోర్టులో అయితే 137, 213 కలిపి 350 డాలర్లు. అంటే కోర్టు ఎంపికలో పొరపాటు పడితే ఫీజు దగ్గరే ఆరింతల తేడా. కార్డు రుసుము ఈ మొత్తం మీద శాతం లెక్కన పడుతుంది కాబట్టి అదీ పెరుగుతుంది.

అది ఆగస్టు చివరి శుక్రవారం సాయంత్రం. సబ్మిట్ నొక్కాను. సోమవారం లేబర్ డే సెలవు. పని అయిపోయిందనుకుని నిశ్చింతగా ఉన్నాను.

మంగళవారం మధ్యాహ్నం ఈమెయిల్ వచ్చింది, ఎన్వలప్ తిప్పి పంపారని. కారణం చదివితే సిగ్గేసింది. రుజువుగా జతచేసిన లీజు కాపీలో నా డ్రైవింగ్ లైసెన్స్ నంబరు, డిపాజిట్ చెక్కు కాపీలో బ్యాంకు అకౌంట్ నంబరు పూర్తిగా కనబడుతున్నాయి. కోర్టు కాగితాలు ఎవరైనా చూడగలిగే రికార్డు. అందుకే అలాంటి నంబర్లు కనబడకుండా నల్లగా కొట్టేసి పంపాలి. నిజానికి ఆ క్లర్క్ నాకు మేలే చేశారు. సాయంత్రం వాటిని చెరిపేసి మళ్ళీ పంపాను. కొత్త ఎన్వలప్, కొత్త నంబరు, మళ్ళీ అదే 55 చిల్లర.

బుధవారం అదీ తిరిగొచ్చింది. ఈసారి కారణం వేరు. కేసు వేస్తే సరిపోదు, ఓనర్‌కి నోటీసు ఎవరు అందిస్తారో చెప్పాలి. కానిస్టేబుల్ చేత పంపించేట్టయితే ఆ ఫీజు కూడా ఎంచుకోవాలి. అది ఫీజుల పట్టికలో కాదు, అంతకు ముందు పేజీలో ‘ఆప్షనల్ సర్వీసులు’ అనే చిన్న లింకు వెనక ఉంది. ఆప్షనల్ అన్నారు కదా, నాకెందుకులే అని నేను దాన్ని తెరవనే లేదు. నేను వేసిన కౌంటీలో ఆ ఫీజు 75 డాలర్లు. ఇది కౌంటీని బట్టి మారుతుంది, మీ కౌంటీ పేజీలో చూసుకోవాల్సిందే. 54, 75 కలిపి 129, కార్డు రుసుముతో 132 చిల్లర. ఆ రాత్రే మూడో ఎన్వలప్ పంపాను. గురువారం తెల్లారి కార్డు అకౌంట్ మీద ఇన్సూరెన్స్ దెబ్బ పడింది.

ఆఫీసుకి వెళ్ళగానే కోర్టుకి ఫోన్ చేశాను. ఎత్తినావిడ ఓపికగా మూడు నంబర్లూ చూసింది. “మొదటి రెండు ఎన్వలప్పులకీ మేం ఒక్క సెంటు కూడా తీసుకోలేదు. మూడోది ఇందాకే అంగీకరించాం. మిగతాది మీ బ్యాంకుతో మాట్లాడుకోండి” అంది. బ్యాంకుకి చేస్తే అక్కడి అబ్బాయి, “మేం మీ డబ్బు ఎవరికీ ఇవ్వలేదు. అటువైపు వాళ్ళు పక్కన పెట్టమన్నారు, పెట్టాం. వాళ్ళు వదిలేశామంటే వదిలేస్తాం, లేదంటే గడువు తీరాక అదే పోతుంది” అన్నాడు. కోర్టు తీసుకోలేదు, బ్యాంకు ఇవ్వలేదు, నా దగ్గర లేదు. ఒళ్ళు మండింది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని ఖాయం చేసుకున్నాను.

సాయంత్రం మా రూమ్మేట్‌కి చెప్పాను. వాడు కార్డు పేమెంట్ల సాఫ్ట్‌వేర్‌లోనే పనిచేస్తాడు. విని నవ్వాడు.

“ఇద్దరూ నిజమే చెప్పార్రా. నీ డబ్బుకి తాంబూలాలు పుచ్చుకున్నారు, తాళి ఇంకా కట్టలేదు.”

“సరదాగా ఉందా నీకు?”

“ఆగు, చెప్తా. కార్డు గీకగానే డబ్బు అటు వెళ్ళిపోతుందనుకుంటావు. వెళ్ళదు. ముందు ‘ఇంత ఉందా, ఉంటే నాకోసం పక్కన పెట్టు’ అని అడుగుతారు. బ్యాంకు సరేనని పక్కన పెడుతుంది. అదే హోల్డ్. డబ్బు నీ అకౌంట్‌లోనే ఉంటుంది, నువ్వు మాత్రం ముట్టుకోలేవు. తర్వాత ‘ఇక ఇచ్చెయ్’ అని రెండో కబురు వస్తే అప్పుడు నిజంగా వెళ్తుంది. మామూలు షాపింగ్‌లో ఈ రెండిటికీ మధ్య పెద్దగా ఎడం ఉండదు కాబట్టి నీకు తెలియదు. కోర్టులో మాత్రం మధ్యలో ఒక మనిషి కూర్చుని నీ కాగితాలు చదవాలి. ఆ మనిషి సరే అనేదాకా రెండో కబురు వెళ్ళదు.”

అక్కడ నాకు లైటు వెలిగింది. సబ్మిట్ నొక్కడం అంటే ఫీజు కట్టడం కాదు. కట్టగలనని చూపించడం మాత్రమే. క్లర్క్ అంగీకరించినప్పుడే కట్టినట్టు. తిప్పి పంపితే రెండో కబురు ఎప్పటికీ వెళ్ళదు, మొదటి కబురు మీద పక్కన పెట్టిన డబ్బు మాత్రం వెంటనే ఊడిరాదు. అది ఎప్పుడు వదలాలన్నది బ్యాంకు పద్ధతిని బట్టి ఉంటుంది. కొన్ని రోజులు పడుతుంది, వారాంతాలు, సెలవులు వస్తే ఇంకా సాగుతుంది. ఈలోపు సరిదిద్ది మళ్ళీ పంపితే, సిస్టమ్‌కి అది పాతదాని కొనసాగింపు కాదు. కొత్త ఎన్వలప్, కాబట్టి కొత్త హోల్డు. పాతది వదిలిందా లేదా అని అది చూడదు. అందుకే నా 287లోంచి 55, 55, 132 మూడూ ఒకేసారి పక్కకు వెళ్ళి 43 మిగిలాయి. నిజంగా కోర్టుకి వెళ్ళాల్సింది 132 మాత్రమే.

“క్రెడిట్ కార్డు పెట్టి ఉంటే?” అని అడిగాను.

“అప్పుడూ మూడు హోల్డులు పడేవి. కానీ తగ్గేది నీ లిమిట్, నీ డబ్బు కాదు. ఇన్సూరెన్స్ హాయిగా కట్టుకునేది. డెబిట్ కార్డు ఇలాంటి చోట్ల ఎవరైనా పెడతారా?”

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. హోటల్లోనూ పెట్రోల్ బంకులోనూ డెబిట్ కార్డు పెట్టకూడదని తెలుసు, అక్కడా ఇదే హోల్డు గొడవ. కోర్టు కూడా అదే జాతి అని ఊహకు రాలేదు.

మూడు రోజుల తర్వాత ఇంకో చిన్న టెన్షన్. మూడో లైన్ పెండింగ్‌లోంచి మాయమై, వేరే పేరుతో, నల్ల అక్షరాల్లో 132 చిల్లర కనబడింది. పేరు మారడంతో నాలుగోసారి కోశారని ఒక నిమిషం గుండె జారింది. పెండింగ్‌లో ఉన్నప్పుడు ఒక పేరు, పూర్తయ్యాక ఇంకో పేరు రావడం మామూలేనట. మీ లెక్క సరిచూసుకోవడానికి పేరు చూడకండి, డాలర్లూ సెంట్లూ చూడండి. ఆ అంకె ఎన్వలప్ వివరాల్లో ఉన్న మొత్తంతో సెంటుతో సహా సరిపోవాలి. నాది సరిపోయింది.

మొదటి హోల్డు సరిగ్గా వారానికి, శుక్రవారం వదిలింది. రెండోది వచ్చే మంగళవారం దాకా పట్టింది. రెండూ ఒకే మొత్తం, ఒకే కార్డు, ఒకే బ్యాంకు. ఇన్ని రోజులని ముందుగా ఎవరూ ఎందుకు చెప్పలేరో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడైతే ఎలా చేసేవాణ్ణో చెబుతాను. మొదటి ఎన్వలప్ పంపేముందు కోర్టుకి ఒక్క ఫోన్ కొట్టి, “నోటీసు కానిస్టేబుల్ చేత పంపించాలి, మొత్తం ఎంత అవుతుంది?” అని అడిగేవాణ్ణి. కేసు ఎలా గెలవాలో క్లర్కులు చెప్పరు, చెప్పకూడదు. ఫీజు ఎంతో మాత్రం చెప్తారు. వాళ్ళు చెప్పిన అంకె, స్క్రీన్ మీది అంకె కార్డు రుసుము పోను కలవకపోతే ఎక్కడో ఏదో ఎంచుకోలేదన్నమాట. నా స్క్రీన్ మీద 55 బదులు 132 ఉండాలని ముందే తెలిసి ఉంటే మూడో ఎన్వలప్ అవసరమే వచ్చేది కాదు. తిరిగొచ్చిన దాన్ని సరిదిద్దే తొందరలో వెంటనే పంపకుండా, మొత్తం ఇంకోసారి చదివి ఉండాల్సింది కూడా. మంగళవారం సాయంత్రం నేను నంబర్లు చెరిపేశాను గానీ మిగతా పేజీలు తిరగేయలేదు. ఒక తప్పు చూపించారంటే ఇంకో తప్పు లేదని కాదుగా.

ఫీజే భారం అనుకునేవాళ్ళకు ఇంకో దారి ఉంది, ఇది చాలామందికి తెలియదు. కోర్టు ఖర్చులు కట్టే స్థోమత లేదని ప్రమాణపూర్వకంగా ఇచ్చే ఫారం ఒకటి టెక్సాస్ కోర్టులన్నిటిలో ఉంది. దాన్ని వేయడానికి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో అయితే పేమెంట్ అకౌంట్ పెట్టేటప్పుడే కార్డు బదులు ‘వేవర్’ అని ఎంచుకోవాలి, అప్పుడు హోల్డు మాటే రాదు. అయితే అది ఒట్టి ఫారం కాదు, ప్రమాణం. ఆదాయం, ఖర్చులు ఉన్నవి ఉన్నట్టు రాయాలి. ఉద్యోగం ఉండి ఈ నెల చేతిలో డబ్బాడక ఇబ్బంది పడుతున్న నాలాంటివాళ్ళ కోసం పెట్టింది కాదు. ఇక 132 డాలర్లు పోయాయే అనుకోనక్కర్లేదు, గెలిస్తే కోర్టు ఖర్చులు ఓడినవాళ్ళ మీద పడతాయి.

వీసా పనులు ఆలస్యమవుతున్నాయని ప్రభుత్వం మీద ఫెడరల్ కోర్టులో కేసు వేసేవాళ్ళు మనలో ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ళొక మాట గుర్తుపెట్టుకోవాలి, పైన రాసిందంతా రాష్ట్ర కోర్టుల సంగతి. ఫెడరల్ జిల్లా కోర్టులో కేసు వేయడానికి 2023 డిసెంబర్ నుంచి 405 డాలర్లు, అందులో 350 ఫైలింగ్ ఫీజు, 55 పాలనా రుసుము. అక్కడ ఫైల్ చేసేటప్పుడే కట్టేస్తారు. తర్వాత కేసు కాగితాలు ఆన్‌లైన్‌లో చూడాలంటే పేసర్ అనే ఫెడరల్ కోర్టుల వెబ్‌సైట్‌లో పేజీకి 10 సెంట్లు, ఒక డాక్యుమెంట్‌కి ఎక్కువలో ఎక్కువ 3 డాలర్లు. మూడు నెలల్లో మొత్తం 30 డాలర్లు దాటకపోతే అదీ కట్టక్కర్లేదు. ఈ వివరాలు నాకు రూమ్మేట్ పుణ్యమా అని తెలిశాయి, వాడి అన్నయ్య ఆ దారిలోనే ఉన్నాడు.

చివరికి మిగిలింది ఇన్సూరెన్స్ గొడవ. పేమెంట్ వెనక్కి తిరిగినందుకు బ్యాంకు 34 డాలర్లు వేసింది. నెల చివర స్టేట్‌మెంట్ రాగానే దాన్ని చూపించి వాదిద్దామని దించుకున్నాను. అందులో కోర్టు పేరు మీద ఒకటే లైను ఉంది, 132 చిల్లర. ఆ రెండు 55లూ ఎక్కడా లేవు. వదిలేసిన హోల్డులు స్టేట్‌మెంట్‌లోకి ఎక్కవు మరి. కాగితం మీద చూస్తే ఆ 132 తీసేసినా గురువారం నా దగ్గర 154 డాలర్లు ఉండి కూడా 118 కట్టలేదన్నట్టుంది.

కారులో కూర్చుని కంగారులో తీసుకున్న స్క్రీన్‌షాట్ ఒక్కటే ఆధారం. మూడు బూడిద రంగు లైన్లూ, తేదీతో సహా అందులో ఉన్నాయి. దాన్నీ, రెండు ఎన్వలప్పులు తిప్పి పంపినట్టు కోర్టు నుంచి వచ్చిన ఈమెయిళ్ళనీ కలిపి బ్యాంకుకి పంపాను. నాలుగు రోజులకు 34 డాలర్లు వెనక్కి వేశారు. ఓనర్‌కి కానిస్టేబుల్ నోటీసు అందించి వారమైంది. జవాబు ఇవ్వడానికి అతనికి 14 రోజుల గడువు, ఇంకా సగం ఉంది.